ఫార్మాట్ చేయించే ముందు ఒక్కసారి ఆగండి

చెన్నై, పెరంబూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పొడవైనది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఇంట్లోనే తెలుగు డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కట్టే పని చేస్తారు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, గుడి కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరైనా పెద్దాయన సొంత ఖర్చుతో అచ్చు వేయించుకునే చిన్న పుస్తకం. పెళ్ళికి ముందు నేర్చుకున్న పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్లే ఇప్పటికీ ఆధారం. 2018లో రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొని బిగించిన కంప్యూటర్: ఐ3 8100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆమె నెల్లూరులో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు విండోస్ 11 ఎక్కించబోయాడు. విండోస్ 10కి మద్దతు ముగిసిందన్న హెచ్చరిక రోజూ తెర మీద కనిపిస్తోందట. ఈ కంప్యూటర్‌కు అర్హత లేదని రావడంతో ఒక వీడియో చూసి ఆ తనిఖీని తప్పించాడు. సగం పైన నడిచి, పలుమార్లు రీస్టార్ట్ అయి, మార్పులన్నీ వెనక్కి తీస్తున్నామని చూపి, చివరికి పాత విండోస్ 10 తెరే వచ్చింది. కింద 0ఎక్స్‌సీ1900101 అనే కోడ్ ఉంది. ఆమె తిరిగి వచ్చిన రాత్రి అదే కంప్యూటర్‌లో ఒక శుభలేఖ ప్రూఫ్ దిద్ది, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెళ్ళివారికి పంపారు కూడా. మరునాడు అబ్బాయి బయోస్ అనే, విండోస్ కంటే ముందు వచ్చే అమరికల తెరలోకి వెళ్ళి లెగసీ అని ఉన్నదాన్ని యూఈఎఫ్ఐగా మార్చి, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే రక్షణ) ఆన్ చేశాడు. అంతే, అప్పటి నుంచి నల్లటి తెర మీద బూట్ డివైజ్ దొరకలేదన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ రావడం లేదు.

దుకాణంలో చూపిస్తే హార్డ్ డిస్క్ పోయింది, ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేస్తాం, ఫైళ్ళకు మాది పూచీ లేదు అన్నారట. ఆమె ఫైళ్ళకు వేరే నకలు లేదు. భర్త కొడుకు మీద కోప్పడి, ఆ తర్వాత ఆమెతో, ఈ రోజుల్లో కార్డులు ఎవరు అచ్చు వేయిస్తున్నారు, ఇక ఈ పని మానెయ్యి అన్నారు. కొడుకు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు, కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోతున్నాడు. వచ్చే వారం ఆండర్సన్ వీధిలోని ప్రెస్సుకు ఆ శుభలేఖ చేరాలి. ఫార్మాట్ చేయించమంటారా, నా పాత ఫైళ్ళు దక్కుతాయా, వాడిని మళ్ళీ కంప్యూటర్ ముట్టుకోనివ్వాలా, అసలు ఈ పని మానుకోవడమే మంచిదా అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు నాకు చాలా ధైర్యం కలిగింది. ఆ ధైర్యం మీకూ ఇవ్వాలని ఆ విషయంతోనే మొదలుపెడుతున్నాను. మీరు ఒకే ప్రమాదంగా రాసినవి నిజానికి రెండు వేర్వేరు సంఘటనలు. అప్‌గ్రేడ్ విఫలమైంది, అది మొదటిది. కానీ విఫలమైన తర్వాత విండోస్ తనను తాను పాత స్థితికి తెచ్చుకుంది. ఆ రాత్రి మీరు పేజ్‌మేకర్ తెరిచారు, ఫాంట్లు కనిపించాయి, పీడీఎఫ్ తయారైంది. అంటే అప్‌గ్రేడ్ వల్ల మీ ఫైళ్ళకు ఏమీ కాలేదని మీ చేతి పనే సాక్ష్యం చెబుతోంది. నల్ల తెర వచ్చింది మరునాడు, బయోస్‌లో అమరిక మార్చిన తర్వాత. ఈ రెండింటినీ విడదీస్తే, రెండోదానికి ఎంతో తేలికైన కారణం ఉండే అవకాశం చాలా ఎక్కువ.

కంప్యూటర్‌ను ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచేది బయోస్. హార్డ్ డిస్క్ మీద విండోస్ ఎక్కడ ఉందో వెతికి దాన్ని లేపడం దాని పని. అలా వెతకడానికి రెండు పద్ధతులున్నాయి. పాతది లెగసీ, దానికి డిస్కు ఎంబీఆర్ అనే పద్ధతిలో విభజించి ఉండాలి. కొత్తది యూఈఎఫ్ఐ, దానికి జీపీటీ పద్ధతి కావాలి. మీ కంప్యూటర్ 2018 నాటిదే అయినా, బిగించినవారు విండోస్‌ను లెగసీ పద్ధతిలోనే వేసి ఇచ్చారని మీ అబ్బాయి చూసిన అమరికే చెబుతోంది. ఇప్పుడు బయోస్‌ను యూఈఎఫ్ఐకి మార్చేసరికి అది కొత్త పద్ధతిలో వెతుకుతోంది, పాత పద్ధతిలో ఉన్న విండోస్ దానికి కనబడటం లేదు. విండోస్ అక్కడే ఉంది, మీ శుభలేఖలూ అక్కడే ఉన్నాయి.

దుకాణంవారి మాట కూడా ఒకసారి ఆలోచించండి. హార్డ్ డిస్క్ నిజంగా పాడైపోయి ఉంటే దాన్ని ఫార్మాట్ చేసి మళ్ళీ విండోస్ వేయడం కుదరదు, కొత్తది కొనాలి. ఫార్మాట్ చేయగలిగినంత ఆరోగ్యంగా ఉంటే అందులోని ఫైళ్ళను ముందు చదివి తీయవచ్చు. ఆ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం అరుదు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రోజుకు ఎన్నో యంత్రాలు వచ్చే చోట తొందరగా తేలే దారి ఫార్మాటే. అయితే ఏళ్ళ తరబడి మీరు చేసిన పని పోతే దాని బరువు మోయాల్సింది మీరు. అందుకే ఎక్కడికి తీసుకెళ్ళినా ముందు ఫైళ్ళు తీసి ఇవ్వండి, ఆ తర్వాతే ఇంకేదైనా అని చెప్పండి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఫార్మాట్ చేయవద్దు అని రాసి క్యాబినెట్‌కు అంటించండి. ఇది నేను చాదస్తంగా చెప్పడం లేదు, మీరు అక్కడ లేని సమయంలో యంత్రం చేతులు మారితే ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఇక చేయాల్సిన పని. పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేసి కంప్యూటర్ ఆన్ చేసి, వెంటనే డిలీట్ మీటను గానీ ఎఫ్2ను గానీ వరుసగా నొక్కుతూ ఉంటే బయోస్ తెర వస్తుంది. ఏదీ మార్చకముందు ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీయండి. ముందుగా చూడాల్సింది, మీ హార్డ్ డిస్క్ కంపెనీ పేరూ నంబరూ ఆ తెరలో ఎక్కడైనా కనిపిస్తున్నాయా అన్నది. కనిపిస్తే డిస్కు బతికే ఉందన్న భరోసా చాలా వరకు దొరికినట్టే. అప్పుడు సెక్యూర్ బూట్‌ను ఆఫ్ చేసి, బూట్ పేజీలో సీఎస్ఎం (లెగసీ పద్ధతిని అనుమతించే అమరిక) అని ఉన్నదాన్ని ఆన్ చేయండి. కొన్ని బోర్డులలో సీఎస్ఎం బదులు లెగసీ అనే రాసి ఉంటుంది. బూట్ వరుసలో హార్డ్ డిస్క్‌ను మొదట పెట్టి, ఎఫ్10తో భద్రపరచి బయటికి రండి. డిస్కుతో బోర్డు మాట్లాడే తీరును నిర్ణయించే సాటా మోడ్ అనే అమరిక ఒకటి ఉంటుంది, అబ్బాయి దాన్ని మార్చలేదని అంటే మీరూ ముట్టుకోవద్దు. మార్చి ఉంటే మాత్రం ముందున్నదానికే తిప్పండి, ఎందుకంటే అది మారినా విండోస్ నీలి తెర చూపి ఆగిపోతుంది.

ఈ పనిని మీ అబ్బాయి చేతే చేయించమని కోరుతున్నాను. ఏమేం మార్చాడో ఈ లోకంలో తెలిసినవాడు అతనొక్కడే. అతన్ని యంత్రానికి దూరంగా పెడితే ఆ జ్ఞాపకం కూడా దూరమవుతుంది, నష్టపోయేది మీరే. పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఎందుకు చేశావు అని అడగకండి, ఏ క్రమంలో చేశావో చెప్పు, రాసుకుంటాను అనండి. మాటలు లేని ఇంట్లో ఇద్దరూ కలిసి తేల్చాల్సిన ఒక పని ఉంటే, మాటలు దాని వెంటే వస్తాయి.

అమరిక తిప్పగానే విండోస్ 10 లేస్తే, సంతోషంతో పనిలోకి దిగిపోవద్దు. అదే గంటలో ఫైళ్ళ నకలు తీయండి. ఒక బయటి హార్డ్ డిస్క్ కొనండి, పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు. మీ వృత్తిలో నకలు తీయడంలో కొన్ని మెలకువలున్నాయి, అవి తెలియక దెబ్బతిన్నవారు చాలామంది. పేజ్‌మేకర్ ఫైలులో పెద్ద బొమ్మలు చాలాసార్లు లోపల ఉండవు, ఆ బొమ్మ ఎక్కడుందో సూచించే లంకె మాత్రమే ఉంటుంది. కాబట్టి వినాయకుడి బొమ్మలు, తోరణాలు, అంచులు దాచుకున్న ఫోల్డర్లు కూడా అదే వరుసలో రావాలి. సీ డ్రైవులో విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ నుంచి మీ తెలుగు ఫాంట్లన్నీ తీసుకోండి. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని యంత్రంలో మీ శుభలేఖ తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుస కనిపిస్తుంది. ఫైలు ఉండి ఫాంటు పోయినా పోయినట్టే. పేజ్‌మేకర్ సీడీ, లిపి సాఫ్ట్‌వేర్ సీడీ, సీరియల్ నంబర్లు, డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి కంప్యూటర్‌కు తగిలించే చిన్న తాళం లాంటి పరికరం) ఉంటే అదీ ఒకే డబ్బాలో పెట్టండి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవాటిని మరిచిపోవద్దు, తొందరలో చేసిన పనులు చాలా వరకు అక్కడే ఉంటాయి. నకలు పూర్తయ్యాక ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్ళు కాపీ అయ్యాయో లేదో చూసుకోండి.

అమరిక తిప్పినా విండోస్ లేవకపోతే అప్పుడూ ఫార్మాట్ మాట రానివ్వకండి. రెండు దారులున్నాయి. మొదటిది, హార్డ్ డిస్క్‌ను ఊడదీసి, సాటా నుంచి యూఎస్‌బీకి కలిపే కేబుల్‌తో అబ్బాయి ల్యాప్‌టాప్‌కు తగిలించడం. మీ డిస్కు పెద్ద సైజుదైతే విడిగా కరెంటు అడాప్టర్ ఉన్న కేబుల్ కావాలి, రిచీ స్ట్రీట్‌లో అడిగితే ఇస్తారు. తగిలించగానే ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి అని విండోస్ అడిగితే వద్దనే చెప్పండి. రెండోది, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, మీ కంప్యూటర్‌ను దానితో లేపడం. ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూసే వెసులుబాటు అందులో ఉంది. ఆ తెరలోంచి మీ డ్రైవులు తెరిచి ఫైళ్ళను బయటి డిస్కుకు ఎత్తుకోవచ్చు. ఇన్‌స్టాల్ అన్న మీటను మాత్రం నొక్కకూడదు. డిస్కు టక్ టక్ మని చప్పుడు చేస్తున్నా, బయోస్‌లో ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతున్నా ఈ ప్రయోగాలన్నీ ఆపేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ అలాంటి డిస్కు ఇంకొంచెం చెడుతుంది. అది డేటా రికవరీ పని మాత్రమే చేసేవారికి అప్పగించాల్సిన సందర్భం. ఖర్చు గట్టిగానే ఉంటుంది, ముందుగా అంచనా అడగండి.

వేరే యంత్రాల విషయంలో ఒక హెచ్చరిక, ఇది చదువుతున్న మిగతావారి కోసం. ల్యాప్‌టాప్‌లలో ఇలా బయోస్ అమరికలు మార్చినప్పుడు నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది బిట్‌లాకర్, డిస్కులోని ఫైళ్ళకు తాళం వేసే విండోస్ రక్షణ. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి ఉంటే ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది, ఇంకో ఫోనులో ఖాతా తెరిచి చూసుకోవచ్చు. కీ లేకుండా ఫైళ్ళు రావు. అందుకే బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు ఆ కీని కాగితం మీద రాసి ఉంచుకోవాలి. లెగసీ పద్ధతిలో నడిచిన మీ కంప్యూటర్‌కు ఈ బాధ ఉండే అవకాశం తక్కువ.

వచ్చే వారం శుభలేఖ గురించి మీరు ఎక్కువగా భయపడుతున్నారు. దాని పీడీఎఫ్ మీ ఫోనులోనే ఉంది కదా! ఆ రాత్రి వాట్సాప్‌లో మీరే పంపారు. పెళ్ళివారు దిద్దుబాట్లు లేవంటే ప్రెస్సుకు ఆ పీడీఎఫే సరిపోతుంది, కాగితం సైజు, అంచులు సరిగ్గా పెట్టారో లేదో ప్రెస్సువారిని ఒకసారి చూడమనండి. ముహూర్తం సమయమో, ఒక ఇంటిపేరో మారితే, పేజ్‌మేకర్, అను ఉన్న మరో డీటీపీవారి దగ్గర గంట సేపు కూర్చుని కొత్తగా కట్టుకోవచ్చు. లేదంటే అబ్బాయి ల్యాప్‌టాప్‌లో యూనికోడ్ తెలుగులో (ఫోన్లలోనూ ఇంటర్నెట్‌లోనూ వాడే తెలుగు పద్ధతి) టైపు చేసి లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేర్చవచ్చు. రామరాజ, పెద్దన, సూరన్న, శ్రీకృష్ణదేవరాయ వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. కీబోర్డు అలవాటు వేరు కాబట్టి మీకు నెమ్మదిగా సాగుతుంది, ఒక కార్డుకు అది భరించదగ్గదే. పెళ్ళివారికి ఇవాళే ఫోన్ చేసి యంత్రం ఆగిందని నిజం చెప్పేయండి. చివరి రోజున తెలిస్తే వారు కలవరపడతారు, ముందే తెలిస్తే దిద్దుబాట్లు త్వరగా చెబుతారు.

ఇప్పుడు విండోస్ 11 సంగతి. మీ అబ్బాయి ఉద్దేశం సరైనదే, ఆ మాట మీరు అతనికి చెప్పాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. ఇంటర్నెట్‌కు కలిసి ఉండే యంత్రాన్ని, అందునా ఎందరో పంపే పెన్‌డ్రైవ్‌లు పెట్టే యంత్రాన్ని, అలాగే వదిలేయడం మంచిది కాదు. అతను పొరపడిన చోటు వేరు. తనిఖీ విఫలమైందంటే యంత్రం పనికిరాదని అనుకున్నాడు. మీ ఐ3 8100 విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ఎనిమిదో తరం ప్రాసెసరే. అడ్డుపడినవి బహుశా రెండు అమరికలు: టీపీఎం 2.0 (రహస్య కీలను భద్రంగా దాచే వ్యవస్థ), సెక్యూర్ బూట్. ఇంటెల్ బోర్డులలో టీపీఎం పనిని చేసేది పీటీటీ అనే అమరిక, చాలాసార్లు అది ఆఫ్ చేసి ఉంటుంది. అంటే వీడియోలోని అడ్డదారి మీ యంత్రానికి అక్కర్లేనే లేదు. పైగా అలా తనిఖీ తప్పించి వేసిన యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు.

మరి అప్‌గ్రేడ్ ఎందుకు వెనక్కి మళ్ళింది? 0ఎక్స్‌సీ1900101 కోడ్ సాధారణంగా డ్రైవర్ల (పరికరాలను విండోస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్ల) గొడవకు గుర్తు. మీ ఇంట్లో నాకు మొదట అనుమానం కలిగేది పాత డాంగిల్ డ్రైవరు మీద, ఆ తర్వాత పాత ప్రింటరు డ్రైవరు, యాంటీవైరస్. కచ్చితంగా తెలియాలంటే మైక్రోసాఫ్ట్‌వారి సెటప్‌డయాగ్ అనే ఉచిత సాధనం ఉంది, విఫలమైన అప్‌గ్రేడ్ రాసి పెట్టిన చిట్టాలు చదివి ఎక్కడ ఆగిందో చెబుతుంది. మీ అబ్బాయికి ఆసక్తి కలిగించే పని అది, చేయనివ్వండి.

ఫైళ్ళు భద్రమయ్యాక మీ ముందున్న దారులు ఇవి. ఏది ఎంచుకుంటే ఏమవుతుందో చెబుతాను, నిర్ణయం మీదే.

కొన్నాళ్ళు విండోస్ 10లోనే ఉండిపోవడం అన్నిటికంటే ప్రశాంతమైన దారి. గృహ వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా మరమ్మతుల పథకం పెట్టింది, గడువు 2026 అక్టోబరు 13. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్, ఒక మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోమనే లంకె కనిపిస్తుంది. మీ సెట్టింగులను ఆ ఖాతాకు బ్యాకప్ అయ్యేలా చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. పెళ్ళిళ్ళ రోజులు గడిచేదాకా ఊపిరి పీల్చుకోవచ్చు. అయితే ఇది వాయిదా మాత్రమే, గడువు దాటాక ఇదే ప్రశ్న మళ్ళీ వస్తుంది.

ఉన్న విండోస్ మీదే పద్ధతిగా విండోస్ 11 ఎక్కించడం మరో దారి. దీనికి ముందు డిస్కును ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చాలి. విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది, ఫైళ్ళు చెరపకుండా మారుస్తుంది. కానీ డిస్కులో మూడుకు మించి ప్రైమరీ విభాగాలున్నా, ఎక్స్‌టెండెడ్ విభాగం ఉన్నా అది ఒప్పుకోదు. మన దుకాణాలలో సీ, డీ, ఈ అని మూడు చేసి ఇవ్వడం అలవాటు, పైకి కనబడని సిస్టమ్ విభాగంతో కలిపి నాలుగవుతాయి. అందుకే మొదట పరీక్ష మాత్రం చేయించాలి, దానికి వ్యాలిడేట్ అనే ఆదేశం ఉంది. ఒకసారి మార్చాక డిస్కును చెరపకుండా వెనక్కి రావడం కుదరదు. మార్పు విజయవంతమయ్యాకే బయోస్‌లో యూఈఎఫ్ఐ పెట్టాలి. మీ అబ్బాయి ఈ మెట్టు దాటకుండా తర్వాతి మెట్టు ఎక్కాడు, నల్ల తెరకు కారణం అదేనని నా నమ్మకం. ఆపైన డాంగిల్ ఊడదీసి, దాని డ్రైవరు, యాంటీవైరస్ తొలగించి, సీ డ్రైవులో 30 జీబీ అయినా ఖాళీ చేసి మొదలుపెట్టాలి. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపు పాత విండోస్‌కు వెనక్కి వెళ్ళే వీలుంటుంది. ఆ పది రోజులలోనే మీ పని అంతా చేసి చూసుకోవాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడుంది. పేజ్‌మేకర్ 7 వెలువడింది 2001లో, దాన్ని అడోబీ ఎప్పుడో వదిలేసింది. విండోస్ 11లో చాలామందికి నడుస్తోంది, నడుస్తుందన్న పూచీ ఎవరూ ఇవ్వరు. విండోస్ 11లోని కోర్ ఐసొలేషన్ అనే రక్షణ పాత డాంగిల్ డ్రైవర్లను అడ్డుకోవచ్చు. ఆ రక్షణను ఆపితే డాంగిల్ పనిచేయవచ్చు, కానీ భద్రత కోసం మారి, భద్రతనే ఆపుకున్నవారవుతారు.

నాకు అన్నిటికంటే నచ్చేది మూడో దారి, కాస్త ఖర్చుతో కూడినది. ఒక ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్కు) కొని, పాత హార్డ్ డిస్క్‌ను ఊడదీసి పక్కన పెట్టి, కొత్తదాని మీద విండోస్ 11ను శుభ్రంగా వేయించడం. అప్పుడు కొత్తదానిలో ఏం జరిగినా పాతదాన్ని తగిలించి బయోస్ అమరిక తిప్పితే మీ పాత పని బల్ల యథాతథంగా లేస్తుంది. కొత్తదానిలో పేజ్‌మేకర్, ఫాంట్లు నడుస్తున్నాయో తీరిగ్గా పరీక్షించవచ్చు. పైగా 2018 నాటి హార్డ్ డిస్క్ మీద రోజూ పని చేయడమే నాకు కొంచెం భయంగా ఉంది, దాని వయసు దానికుంది. ఎస్ఎస్‌డీ పెడితే కంప్యూటర్ వేగం కూడా మీకే తెలుస్తుంది. ఇందులో కష్టం ఏమిటంటే అన్ని సాఫ్ట్‌వేర్లూ మళ్ళీ వేసుకోవాలి, సీడీలు గానీ సీరియల్ నంబర్లు గానీ కనిపించకపోతే అక్కడే ఆగిపోతారు. అందుకే ఆ డబ్బా ముందుగా సర్దమన్నాను.

పాత యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి పూర్తిగా విడదీసి డీటీపీకి మాత్రమే ఉంచి, మెయిలు, వాట్సాప్ పనులు వేరే దానిలో చేసుకునేవారూ ఉన్నారు. అదీ నడుస్తుంది. ఫైళ్ళు అటూ ఇటూ మోసే పెన్‌డ్రైవ్‌ను ప్రతిసారీ వైరస్ తనిఖీ చేసే ఓపిక ఉండాలి.

ఈ దారులన్నిటి వెనుకా ఒక నిజం ఉంది, అది మీకు తెలిసే ఉంటుంది. పేజ్‌మేకర్, పాత ఫాంట్ల మీద ఎన్నాళ్ళో నెట్టుకురాలేం. అడోబీవారి కొత్త పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ వరకే పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకునేవి, ఆ తర్వాతి వెర్షన్లలో ఆ సౌకర్యం లేదు. లిబ్రెఆఫీస్ డ్రా, స్క్రైబస్ తెరవగలవు కానీ పేర్పు చెదిరిపోవచ్చు. కాబట్టి మీ మంచి నమూనాలన్నిటినీ ఇప్పుడే పీడీఎఫ్‌లుగా తీసి పెట్టుకోండి. రోజూ వచ్చే పనిలో ఒక చిన్న కార్డును యూనికోడ్‌లో చేసి అలవాటు పడండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి. మారిన పాఠాన్ని మాత్రం అక్షరం అక్షరం చూడాలి, ఒత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. ఇది నెలల పని, ఈ వారం ఆందోళనలో కలపకండి.

చివరిగా మీవారి మాట. ఆయన కోపంలో కొంత నిజం ఉంది, వాట్సాప్‌లో ఆహ్వానం పంపేవారు పెరిగారు. అయినా ఆండర్సన్ వీధి ప్రెస్సుకు మీ పనులు వెళ్తూనే ఉన్నాయంటే ఎందుకో ఆలోచించండి. పేరున్న తెలుగు ప్రచురణకర్తలు వావిళ్ళవారి పుస్తకాలు అచ్చయిన ఊరిది. ఇప్పుడు ఇక్కడి తెలుగిళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చాలామందికి చదవడం రాదు. చిరంజీవి ఎక్కడ, చి.ల.సౌ. ఎక్కడ వేయాలో, గోత్రం, ఇంటిపేరు ఎలా రాయాలో తెలిసి, తప్పు లేకుండా దిద్దగలిగినవారు ఈ నగరంలో ఎందరున్నారు? వాట్సాప్‌లో వెళ్ళే ఆహ్వానానికైనా ఆ తెలుగు ఎవరో ఒకరు సరిగ్గా రాయాలి. ఆ పనికి కాగితం అక్కర్లేదు, మీరు కావాలి. మీ నిర్ణయం అయినా, ఆయన నిర్ణయం అయినా, యంత్రం ఆగిపోయి ఉన్న రోజులలో తీసుకోకండి. మళ్ళీ లేచాక, గడిచిన పెళ్ళిళ్ళ కాలంలో వచ్చిన పనులు, చేతికందిన డబ్బు ఒక కాగితం మీద వేసి ఇద్దరూ కూర్చుని చూడండి. ఆ అంకెలు మానెయ్యమంటే అప్పుడు మానవచ్చు, కొనసాగించమంటే ఎస్ఎస్‌డీ ఖర్చుకు ఆయనే ముందుకు వస్తారు.

అబ్బాయిని మళ్ళీ ముట్టుకోనివ్వాలా అన్నారు. ముట్టుకోవద్దంటే ఈసారి అడగకుండా చేస్తాడు, లేదా ఇక ఎప్పుడూ సాయం చేయడు. ముట్టుకోనిస్తే ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి: నకలు బయటి డిస్కులో ఉందని మీరు కళ్ళారా చూశాకే ఎవరైనా, మీవారైనా, మీరైనా, ఆ యంత్రంలో మార్పు చేయాలి. నెలకోసారి నకలు తీసే బాధ్యత అతనికే అప్పగించండి.

బయోస్‌లో హార్డ్ డిస్క్ పేరు కనిపించిందో లేదో, సీఎస్ఎం ఆన్ చేశాక ఏం వచ్చిందో ఆ ఫోటోలతో సహా మళ్ళీ రాయండి. పేరు కనిపించకపోతే మాత్రం నా జవాబు కోసం ఆగకండి. క్యాబినెట్ తెరిచి డిస్కుకు వెళ్ళే రెండు కేబుళ్ళనూ, కరెంటు తీసేసిన తర్వాత, ఒకసారి ఊడదీసి గట్టిగా బిగించి చూడండి. దుకాణానికి తీసుకెళ్ళి తెచ్చిన యంత్రాలలో అవి వదులవడం మామూలే.